గీస్తే కనిపించేది



కొన్నేళ్ల కిందట ఎనిమిదో తరగతి పరీక్షలో ఒక చిన్న ప్రశ్న ఇచ్చాను. వేరుశనగ మొక్క బొమ్మ గీసి భాగాలు గుర్తించండి అని. మాది వై.ఎన్.హొసకోట, పావగడ తాలూకా. ఉండేది కర్ణాటకలో, తుమకూరు జిల్లాలో. కానీ మా తాలూకాకు దాదాపు మూడు పక్కలా ఆంధ్రప్రదేశే. ఈ సీమలో చెనక్కాయ చేను చూడని పిల్లవాడు ఉండడు. కాబట్టి అందరికీ మార్కులు వచ్చే ప్రశ్నే ఇచ్చానని సంతోషపడ్డాను.

పేపర్లు దిద్దుతుంటే దాదాపు అందరూ ఒకే బొమ్మ గీశారు. పైన నాలుగేసి ఆకులు, కింద తల్లివేరు, ఆ వేరుకు గుత్తులు గుత్తులుగా కాయలు. ఒక్క అమ్మాయి మాత్రం వేరే విధంగా గీసింది. కాండం కణుపుల దగ్గరనుంచి సన్నని దారాల్లాంటివి కిందికి దిగి, నేలలో దూరి, వాటి కొసలకు కాయలు ఉన్నాయి. వేరును విడిగా గీసి, దానికి అక్కడక్కడా చిన్న చిన్న చుక్కలు పెట్టింది. నేను ఎర్ర సిరాతో బొమ్మను కొట్టేసి పక్కన 'తప్పు' అని రాశాను. తప్పు అనే మాటకు తెలుగనీ కన్నడమనీ తేడా లేదు, రెండింటిలోనూ అదే మాట.

పేపర్లు ఇచ్చిన మరునాడు ఆ పిల్ల ఒక మొక్కను మట్టితో సహా పెరికి, పాత పేపర్లో చుట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "సార్, మా చేన్లో కాయ వేరుకు కాయదు సార్, ఊడకు కాస్తుంది" అన్నది. అంతకుమించి ఒక్క మాట అనలేదు.

వృక్షశాస్త్రం చదువుకున్నవాణ్ణి, బి.ఎడ్. చేసినవాణ్ణి. ఊడల సంగతి నాకు తెలియక కాదు. చదివాను, వల్లె వేశాను, పిల్లలకు నోట్సు కూడా చెప్పాను. పసుపుపచ్చని పువ్వు ఫలదీకరణం చెంది వాడిపోతుంది, దాని అడుగునుంచి ఊడ పొడుగ్గా సాగి నేలలోకి దిగుతుంది, చీకట్లో కొస ఉబ్బి కాయవుతుంది. నేలను అందుకోలేని ఊడకు కాయ లేదు. ఇదంతా నా నోటికి వచ్చు. కానీ ఆ బొమ్మను చూసిన క్షణంలో నా కంటికి రాలేదు. ఎందుకంటే ఆ మొక్కను నేను ఎన్నడూ ఎదురుగా పెట్టుకుని గీయలేదు. ఆ పిల్ల వేరుకు పెట్టిన చుక్కలు నత్రజనిని పట్టి ఇచ్చే బ్యాక్టీరియా ఉండే బుడిపెలు. వాటి పేరు ఆ పిల్లకు తెలియదు. చేతిలో ఉన్న మొక్కకు ఉన్నాయి కాబట్టి గీసింది.

తక్కిన పిల్లలు వేరుకే కాయలు ఎందుకు గీశారా అని ఆలోచించాను. మన తెలుగు పేరులోనే ఆ పొరపాటు ఉంది. వేరుశనగ అంటున్నాం. కన్నడంలో నెలగడలె అంటారు, అంటే నేల శనగ. శాస్త్రీయ నామం అరాకిస్ హైపోజియాలో కూడా రెండో మాటకు అర్థం భూమి అడుగున ఉండేది అనే. ఈ ఒక్క విషయంలో కన్నడం పేరు కచ్చితంగా ఉంది, మన పేరు దారి తప్పించింది. ఇది మాటల పట్టింపు మాత్రమే కాదు. ఊడలు దిగే వేళకు చేలో జిప్సం ఎందుకు వేస్తారు? ఎదిగే కాయ తనకు కావలసిన కాల్షియాన్ని వేరుమీద ఆధారపడకుండా చుట్టూ ఉన్న మట్టినుంచి తానే పీల్చుకుంటుంది కాబట్టి. ఊడలు దిగాక కలుపు గుంటకలు ఎందుకు తోలరు? ఊడలు తెగుతాయి కాబట్టి. కాయ వేరుకు కాస్తుందనుకునే పిల్లవాడికి ఈ రెండు సంగతులూ అర్థం కావు. రేపు ఆ చేను సాగు చేయవలసినవాడు వాడే.

ఆ పిల్లకు మార్కులు తిరిగి వేశాను. తరగతి ముందర నా తప్పు ఒప్పుకున్నాను. అప్పటినుంచి సైన్సు పాఠంలో బొమ్మ గీయించే పద్ధతి మార్చుకున్నాను. చిత్రకళను విజ్ఞానశాస్త్రానికీ తక్కిన పాఠాలకూ ఎలా జతచేయవచ్చో ఆ అనుభవం మీదనే ఈ పూట నాలుగు మాటలు చెబుతాను.

ఈ మాట కొత్తదేమీ కాదు. పాఠశాల స్థాయిలో కళలకు చోటు ఉండాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానం ఇంకొక అడుగు ముందుకు వేసి, కళలను ఇతర పాఠ్యాంశాలతో సమ్మిళితం చేసి బోధించాలన్నది. అంతకు ఎంతో ముందే, 1919లో, రవీంద్రనాథ ఠాగూరు శాంతినికేతనంలో కళాభవనం స్థాపించారు. 1937లో వార్ధాలో గాంధీజీ చేతిపని ద్వారా చదువు అన్నారు. పత్రాల్లో లోపం లేదు. బళ్లలో జరిగేదేమిటంటే, పాఠం అయిపోయాక మార్కుల కోసం ఒక చార్టు. అంగడిలో దొరికే బొమ్మను అతికించి, చుట్టూ స్కెచ్ పెన్నుతో పూలతీగ. కొన్ని ఇళ్లలో రాత్రి పదకొండు గంటలదాకా తండ్రి థర్మకోలు కోస్తుంటాడు, పిల్లవాడు నిద్రపోతుంటాడు. దీన్ని నేను కళా సమ్మేళనం అనను. గీస్తున్నప్పుడు పిల్లవాడు ఏదైనా కొత్తగా చూశాడా లేదా అన్నదొక్కటే ఇక్కడ ప్రశ్న.

దీనికి శాస్త్ర చరిత్రలో ఒక మంచి ఉదాహరణ ఉంది. 1609 జులై నెలలో ఇంగ్లండులో థామస్ హారియట్ అనే పండితుడు దూరదర్శినితో చంద్రుణ్ణి చూసి బొమ్మ గీశాడు. వెలుగుకూ చీకటికీ మధ్య ఒక గరుకు గీత, కొన్ని మచ్చలు, అంతే. అదే సంవత్సరం చివర్లో ఇటలీలో గెలీలియో చంద్రుణ్ణి చూశాడు. ఆయన చిత్రలేఖనం అభ్యసించినవాడు. ఎత్తుపల్లాల మీద వెలుతురు పడితే నీడ ఎటు వాలుతుందో ఆయన చేతికి తెలుసు. అందుచేత చీకటి భాగంలో విడిగా మెరుస్తున్న చుక్కలు సూర్యకాంతి తగిలిన కొండ శిఖరాలని పోల్చుకున్నాడు. తడి రంగుతో ఆ నీడలను దించాడు. 1610 మార్చిలో పుస్తకం వేశాడు. దాన్ని చదివిన తరువాత హారియట్ మళ్లీ చూసి గీస్తే, ఈసారి ఆయనకూ గుంటలు కనిపించాయి. హారియట్ తక్కువవాడు కాదు, గొప్ప గణిత శాస్త్రవేత్త. కంటికి ఆ అలవాటు లేకపోయింది.

ఇక మన సరిహద్దు బళ్ల సంగతి. మా పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం, దుకాణం బోర్డుల మీద ఇంగ్లీషు. అవతల మడకశిర, రొళ్ల వైపు కొన్ని ఊళ్లలో ఇదే తలకిందులు, ఇంట్లో కన్నడం, బళ్లో తెలుగు. ఆకును కన్నడంలో ఎలె అంటారు, వేరును బేరు అంటారు, పువ్వును హూవు అంటారు. ఇవి పెద్ద ఇబ్బంది కావు. ఇబ్బంది పై తరగతుల్లో మొదలవుతుంది. తెలుగు పుస్తకంలో కిరణజన్య సంయోగక్రియ అన్నది కన్నడ పుస్తకంలో ద్యుతి సంశ్లేషణె. అక్కడ జీవకణం, ఇక్కడ జీవకోశ. తల్లిదండ్రుల బదిలీల వల్లనో వలసల వల్లనో బడి మారిన పిల్లవాడు నోరు తెరవడు. వాడికి ఏమీ రాదని మనం తీర్మానిస్తాం. అటువంటి పిల్లవాడిచేత ఆకు బొమ్మ గీయించి, ఎండ ఎటునుంచి వస్తుంది, నీళ్లు ఎటునుంచి వస్తాయి, గాలి ఎక్కడ లోపలికి పోతుంది, బాణాల గుర్తులు పెట్టరా అనండి. బాణాలు సరిగా పెట్టాడంటే వాడికి పాఠం వచ్చినట్టే. రావలసింది మాట మాత్రమే. ఆ మాటను బాణం పక్కన రెండు భాషల్లోనూ నేను రాసిస్తాను. పరీక్షకు కావలసినది కన్నడం మాట. ఇంటికి వెళ్లి అమ్మకు చెప్పడానికి తెలుగు మాట కావాలి.

గణితానికి మా ఊళ్లో బయటినుంచి సామగ్రి తేవలసిన పని లేదు. వై.ఎన్.హొసకోట పట్టుచీరల ఊరు. వీధిలో నడుస్తుంటే మగ్గం చప్పుడు వినిపిస్తుంది. చీర అంచుకు గానీ బుటాకు గానీ ముందు గ్రాఫ్ కాగితం మీద గళ్లు నింపి డిజైన్ గీస్తారు. ఒక్కొక్క గడి ఆ చోట పడుగు పోగు మీద పేక పైకి వచ్చిందా, కిందికి పోయిందా అన్నదానికి గుర్తు. ఒక వరుస గళ్లకు ఒక అట్ట చొప్పున రంధ్రాలు కొట్టి, ఆ అట్టలను దండగా కుట్టి జాకార్డుకు ఎక్కిస్తారు. పంతొమ్మిదో శతాబ్దం ఆరంభంలో ఫ్రాన్సు దేశస్థుడు జోసెఫ్ మరీ జాకార్డ్ రూపొందించిన యంత్రం అది. అట్టకు రంధ్రం ఉందా లేదా అన్న ఆ రెండే జవాబుల పద్ధతిని ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తన గణన యంత్రం ఊహలోకి తీసుకున్నాడు. సుమారు 24,000 అట్టలతో పట్టులో నేసిన జాకార్డ్ చిత్రపటం ఒకటి బాబేజ్ తన ఇంట్లో పెట్టుకున్నాడు. ఈ సంగతి చెప్పినప్పుడు నేత ఇళ్ల పిల్లలు నన్ను చూసిన చూపు వేరు. కంప్యూటరుకు తాత తమ ఇంటి నడవలో ఉన్నాడని అంతవరకూ వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

వైశాల్యం పాఠానికి మామిడిపిందె బుటా ఇచ్చాను. గ్రాఫ్ కాగితం మీద గీయండి, ఇప్పుడు పొడుగూ వెడల్పూ రెండింతలు చేయండి. గళ్లు ఎన్ని? రెండింతలని తరగతి అంతా అరిచింది. లెక్కపెట్టమన్నాను. నాలుగింతలు వచ్చాయి. నమ్మక మళ్లీ లెక్కపెట్టారు. నేత ఇంటి పిల్లవాడొకడు, "అట్టలు రెండింతలే పడతాయి సార్, జరీ మాత్రం నాలుగింతలు పోతుంది. అందుకే పెద్ద బుటా చీర రేటు అట్లుంటుంది" అన్నాడు. ఆ సూత్రాన్ని నేను అంతకుముందు సున్నముక్కతో పదిసార్లు రాసి ఉంటాను. బుటాను సగమే గీసి తక్కిన సగం అద్దం పెట్టి చూసుకోవడంలో సౌష్ఠవం పాఠం వస్తుంది. ఆ వివరాలకు ఇప్పుడు పోను.

రసాయనశాస్త్రానికి శ్రీకాళహస్తి కలంకారీ ఉంది. కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో బట్టను నానబెట్టి ఆరవేస్తారు. ఇనుప తుక్కు బెల్లం నీళ్లలో వేసి కొన్ని వారాలు పులియబెడితే కసిం తయారవుతుంది. వెదురు కలాన్ని ఆ కసింలో ముంచి బట్ట మీద గీస్తే, కరక్కాయలోని టానిన్, నీళ్లలోని ఇనుప లవణం కలిసి గీత నల్లబడుతుంది. పాలలోని కొవ్వు వల్ల గీత చెదరదు. పటిక రాసినచోట ఎరుపు రంగు పట్టుకుంటుంది, రాయనిచోట ఉతుకుతో పోతుంది. మా బళ్లో తుప్పు మేకులు, బెల్లం ఒక సీసాలో వేసి మూత వదులుగా పెట్టి కిటికీలో ఉంచాం. వాసన భరించలేమని పక్క తరగతి ఉపాధ్యాయులు ఫిర్యాదు చేశారు. అది న్యాయమే. మూడో వారం కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద పిల్లలు వాళ్ల పేర్లు రాశారు. కుంచెలో నీళ్ల రంగుగా ఉన్నది గుడ్డ మీద నలుపు తిరుగుతుంటే, రసాయన మార్పుకు నిర్వచనం ఎవరూ అడగలేదు. కాంతి పాఠానికి ఇదే తీరుగా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలున్నాయి. పలుచగా చేసిన తోలు వెలుతురును కొంత వదిలి కొంత ఆపుతుంది. బొమ్మను తెరకు దూరంగా, దీపానికి దగ్గరగా జరిపితే నీడ పెరుగుతుంది, అంచు మసకబారుతుంది. కర్ణాటకలోని తొగలు గొంబెయాటకూ ఇదే సూత్రం. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. తోలు దొరక్కపోతే నూనె రాసిన కాగితం చాలు.

ఇప్పుడు చెప్పబోయేది కాస్త కష్టమైన సంగతి. ఏడో తరగతిలో పళ్ల పాఠం. తలా ఒక చిన్న అద్దం తెచ్చుకుని, నవ్వుతున్న మీ ముఖాన్ని, పళ్లను లెక్కపెట్టి మరీ గీయండి అన్నాను. పళ్లకు అందరూ తెల్లకాగితాన్నే వదిలేశారు. ఒక అబ్బాయి నోరు మూసుకున్న ముఖం గీశాడు. నవ్వేదిరా అంటే తల వంచుకున్నాడు. కాసేపటికి ముందు బెంచీలోని ఒక అమ్మాయి గోధుమరంగు పెన్సిలు తీసుకుని తన బొమ్మలోని పళ్లకు అడ్డంగా చారలు దిద్దింది. ఉన్నది ఉన్నట్టు గీయమన్నారు కదా సార్ అన్నది. మరి కొందరు ఆ పెన్సిలు అడిగి పుచ్చుకున్నారు. చివరికి ఆ అబ్బాయి కూడా కాగితం తిప్పి రెండో వైపు మళ్లీ గీశాడు.

పావగడ ప్రాంతపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడు ఎక్కువని అందరికీ తెలిసినదే. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్నది పరిమితి. రాతి పొరల్లోని ఖనిజాలనుంచి అది నీళ్లలోకి దిగుతుంది. పాలపళ్లు ఊడకముందే, చిగుళ్ల లోపల అసలు పళ్లు తయారవుతున్న వయసులో తాగిన నీళ్లు ఆ చారలకు కారణం. ఎనిమిదేళ్లు దాటాక కొత్తగా ఆ చారలు రావడం ఉండదు, వచ్చినవి తోమితే పోవు. ఆ అబ్బాయికి సరిగా పళ్లు తోముకోడని ఇంట్లోనూ బళ్లోనూ తిట్లు. ఆ మాట అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. తరువాతి వారం పిల్లలు చేత్తో ఊరి పటం గీసి, ఎవరు చిన్నప్పుడు ఏ నీళ్లు తాగారో రంగు గుర్తులు పెట్టారు. బోరుకు ఒక రంగు, బావికి ఒక రంగు, శుద్ధి చేసిన నీళ్లకు ఒక రంగు. నీళ్లు కాచితే ఫ్లోరైడు పోతుందా అని ఒకరు అడిగారు. పోదు, ఆవిరైన మేరకు నీళ్లు తగ్గి అది చిక్కబడుతుంది. ఆ మాట చాలామంది ఇళ్లకు చేరింది. చిన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఏ నీళ్లు పట్టాలన్న చర్చ ఇళ్లలో జరిగిందని విన్నాను. ఆ ముఖాల బొమ్మలను మాత్రం గోడకు పెట్టలేదు, ఎవరివి వాళ్లకే ఇచ్చేశాను. ప్రదర్శనకు పెడితే బాగుండేదని ఒక మిత్రుడు అన్నాడు. నాకు మనసొప్పలేదు.

ఇటువంటి పనికి వ్యవధి ఎక్కడిదని ఉపాధ్యాయ మిత్రులు అడుగుతారు. నిజమే, పాఠ్యాంశం పూర్తి కావాలి, పదో తరగతి ఫలితాలు రావాలి. చాలా బళ్లలో డ్రాయింగు మాస్టరు లేరు. నేనేమీ చిత్రకారుణ్ణి కాను, నేను గీసిన ఆవును పిల్లలు గాడిద అంటారు. కానీ దారి పూర్తిగా లేకపోలేదు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం వారు చిన్న పల్లె బళ్ల కోసం బొమ్మల కార్డులతో, మెట్లు మెట్లుగా నేర్చుకునే పద్ధతి ఒకటి తయారు చేశారు. 1995లో మైసూరు జిల్లా హెచ్.డి.కోటె తాలూకా ఉపాధ్యాయులు అక్కడికి వెళ్లి చూసి వచ్చి, కన్నడంలో తమకు తగినట్టు మలచుకున్నారు. అదే నలి-కలి, అంటే ఆనందిస్తూ నేర్చుకో అని. తరువాత అది కర్ణాటక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు విస్తరించింది. తెలుగు పల్లెల్లో పుట్టిన పద్ధతి సరిహద్దు దాటి వచ్చి మా తాలూకా చిన్నపిల్లలచేత కన్నడం చదివించింది. పై తరగతులకు అటువంటిది ఇంకా రావలసే ఉంది. అందాకా నేను చేసేదేమిటంటే, ప్రతి పాఠానికీ కాదు, నెలకు ఒక పాఠానికి మాత్రం ముందు వస్తువు, తరువాత బొమ్మ, ఆఖర్న పుస్తకం. బొమ్మ అందానికి మార్కులు లేవు. పుస్తకంలో లేనిది ఏదైనా చూసి గీస్తే ఒక మార్కు ఎక్కువ.

ఖర్చు లేని పని ఒకటి చెప్పి ముగిస్తాను. మనం ఉన్నది సుమారు 14 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు. మొదటిది ఏప్రిల్ నెలాఖరున, అప్పుడు సెలవులు. రెండోది ఆగస్టు 15 అటూ ఇటూగా. జెండా ఎగరేసి మిఠాయి పంచాక పిల్లలను ఇళ్లకు పంపకుండా పన్నెండున్నరదాకా ఉంచండి. మబ్బు లేకపోతే సుమారు పన్నెండూ ఇరవై ఐదుకు జెండా స్తంభం నీడ దాని మొదట్లోనే కలిసిపోతుంది. ఆ తరువాత సెప్టెంబరు 23న ఒక మీటరు కర్రను మైదానంలో నిలువుగా పాతి, పొద్దున తొమ్మిదినుంచి అరగంటకు ఒకసారి నీడ కొసన సున్నంతో చుక్క పెట్టించండి. మధ్యాహ్నం నీడ 25 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. సాయంత్రం ఆ చుక్కలన్నీ కలిపితే తూర్పు పడమరలుగా తిన్నని గీత వస్తుంది. అదే పని డిసెంబరులో చేయించండి, గీత వంకర తిరుగుతుంది. ఎందుకు తిరిగిందో పిల్లలు అడిగేదాకా మీరు చెప్పకండి.